యాక్ట్ థెరపీకి నాలుగు నెలలు: భయం తగ్గలేదు, మరి మారుతున్నది ఏమిటి?

పిల్లర్_లెక్క

పోయిన ఏడాది వర్షాకాలంలో ఒక సాయంత్రం పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద కారు నడుపుతుండగా ఉన్నట్టుండి గుండె దడ మొదలైంది. చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు, స్టీరింగ్ నా చేతిలో లేనట్టు అనిపించింది. పైన ఆపుకోవడానికి చోటు లేదు, వెనక హారన్లు. ఎలాగో ఆరాంఘర్‌లో దిగి, పక్కకు ఆపి అరగంట కూర్చుండిపోయాను. గుండె పరీక్షలన్నీ చేయించాను. అన్నీ బాగానే ఉన్నాయి, ఇది పానిక్ అటాక్ అన్నారు.

ఆ తర్వాత ఆ ఫ్లైఓవర్ ఎక్కలేదు. మెహదీపట్నం నుంచి కిందిదారినే, పిల్లర్ నంబర్లు లెక్కపెట్టుకుంటూ వెళ్తాను. అమ్మ శంషాబాద్‌లో ఒక్కతే ఉంటుంది. వారానికి రెండుసార్లు వెళ్లేవాడిని, ఇప్పుడు నెలకు ఒకసారి. ట్రాఫిక్ అని చెబుతున్నాను. అమ్మ నమ్ముతోంది, అదే నాకు ఎక్కువ బాధ.

నాలుగు నెలలుగా ఒక సైకాలజిస్టు దగ్గరకు వెళ్తున్నాను. ఆవిడది యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ, అంటే యాక్ట్. మొదటి రోజే 'భయం తగ్గించడం మన లక్ష్యం కాదు' అన్నారు. జ్వరమని వెళ్తే జ్వరం సంగతి వదిలేయండి అన్నట్టు అనిపించింది. ప్రతి వారం నా భయానికి పదికి ఇన్ని అని మార్కులు రాసుకుంటున్నాను. మొదటి వారం 8. పోయిన వారం 8. అడిగితే 'మీ సైకలాజికల్ ఫ్లెక్సిబిలిటీ పెరుగుతోంది' అంటున్నారు. భయం అలాగే ఉంటే పెరిగింది ఏమిటి? దానివల్ల మనిషి ఎలా మారతాడు? తెలిసినవారు అర్థమయ్యేలా చెప్పండి.

లెక్కల_మాస్టారు

8 నుంచి 8. నా లెక్క ప్రకారం మార్పు సున్నా. పద్ధతి మార్చండి, లేదా మనిషిని మార్చండి.

మనోవీధి

నాది ఇదే వృత్తి. మీ సంగతులు పూర్తిగా తెలియవు కనుక పద్ధతి గురించే చెబుతాను. మాస్టారూ, ఏది కొలిచారో చూడకుండా సున్నా వేయకండి.

భయం వేరు, భయం మన చేత చేయించే పని వేరు. ఈయనకు భయం వేసింది, కిందిదారి పట్టారు, వెంటనే ప్రాణం కుదుటపడింది. ఆ కుదుటపడటమే తప్పించుకున్నందుకు దక్కిన కూలి. కూలి దక్కే పనిని మనసు మళ్లీ మళ్లీ చేయిస్తుంది. మొదట ఒక్క ఫ్లైఓవరే. అమ్మ ఇల్లు అటువైపే ఉండటంతో కొన్నాళ్లకు అదీ దూరమైంది. భయం అప్పుడూ 8, ఇప్పుడూ 8. జీవితమే చిన్నదైపోయింది.

ఈ పద్ధతికి రూపమిచ్చినవారిలో ముఖ్యుడు స్టీవెన్ హేస్ అనే అమెరికన్ సైకాలజిస్టు. 1978లో తన డిపార్ట్‌మెంట్ సమావేశంలోనే ఆయనకు పానిక్ అటాక్ వచ్చింది. మాట్లాడదామని నోరు తెరిస్తే గొంతు పెగల్లేదు. ఆ భయాన్ని ఓడించాలని పెనుగులాడినంత కాలం అది ఇంకా పెరిగిందని ఆయనే చెప్పుకున్నారు.

ఫ్లెక్సిబిలిటీ అంటే భయం ఉండగానే మీకు ముఖ్యమైన పని చేయగలగడం. వచ్చిన భావానికి చోటివ్వడం, ఆలోచనను ఆలోచనగా చూడటం, ఈ క్షణంలో ఉండటం, భయం వేరు దాన్ని గమనిస్తున్న నేను వేరు అని తెలియడం, ఏది విలువైనదో తేల్చుకోవడం, ఆ దిక్కున అడుగు వేయడం. పుస్తకాల్లో ఇవి ఆరుగా కనిపిస్తాయి, మనిషిలో మాత్రం ఒకే కదలిక.

ఒక చిన్న పని చేయండి. మీ నోట్‌బుక్‌లో మార్కుల పక్కన రెండో గడి గీయండి. ఆ వారం భయం మీ చేత ఎన్ని పనులు మాన్పించిందో అందులో రాయండి.

చిక్కడపల్లి_గ్రూప్2

మా నానమ్మ చెప్పే కోతి కథ ఇదే కదా! మందు తాగేటప్పుడు కోతిని మాత్రం తలచుకోకు అన్నాడట వైద్యుడు. గ్లాసు ఎత్తిన ప్రతిసారీ కోతే.

మనోవీధి

సరిగ్గా అదే. 1987లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు ప్రయోగం చేసి మరీ చూపించారు. కోతి బదులు తెల్ల ఎలుగుబంటి. ఐదు నిమిషాల పాటు దాన్ని తలచుకోవద్దు, గుర్తొస్తే గంట కొట్టండి అన్నారు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత 'ఇక తలచుకోవచ్చు' అన్నప్పుడు, ముందు అణచుకున్నవారికి, మొదటి నుంచీ తలచుకున్నవారికంటే ఎక్కువసార్లు గుర్తొచ్చింది.

చిక్కడపల్లి_గ్రూప్2

నానమ్మకు చెబుతాను, ఆవిడ వైద్యుడే ముందు అంటుంది.

గోరింటాకు

అందరూ సంతోషంగా ఉన్నచోట అడ్డు తగులుతున్నాను, ఏమనుకోకండి. యాక్సెప్టెన్స్ అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. పదకొండేళ్లు కాపురంలో నాకు అందరూ చెప్పింది అదే. సర్దుకుపో. మగవాడు, నాలుగు మాటలంటాడు, సర్దుకుపో. ఇప్పుడు డబ్బు కట్టించుకుని అదే మాటను ఇంగ్లీషులో చెబుతున్నారా? ఆడవాళ్లకు ఈ వైద్యం పుట్టినప్పటి నుంచి ఉచితంగానే అందుతోంది.

లెక్కల_మాస్టారు

గోరింటాకు గారి ప్రశ్నకు సూటిగా జవాబు రావాలి. నేనూ అదే అడగబోయాను.

మనోవీధి

అమ్మా, మీ కోపం న్యాయమైనది. ఈ మాటను తెలుగులోకి 'అంగీకారం' అని దించేసి ఊరుకోవడం మా వృత్తిలోనివారి తప్పే.

ఒప్పుకోమన్నది మీ లోపల పుట్టేవాటిని. భయం, దిగులు, సిగ్గు, అపరాధభావం, గుండె దడ. బయట మీకు జరిగే అన్యాయాన్ని ఒప్పుకోమని ఈ పద్ధతి ఎక్కడా చెప్పదు. మార్చగలిగినదాన్ని మార్చమనే చెబుతుంది, రెండో సగం పేరే కమిట్‌మెంట్. ఇంకో మాట. సర్దుకుపోయేవాళ్లు చాలాసార్లు చేస్తున్నది లోపలి బాధ నుంచి తప్పించుకోవడం. గొడవపడితే కలిగే భయం, వెళ్లిపోతే కలిగే సిగ్గు, అవి పడలేక లోపలికి మింగేస్తారు. కనుక సర్దుకుపోవడం ఈ పద్ధతికి చాలావరకు వ్యతిరేక దిశ.

మోడరేటర్

చర్చకు అడ్డు కాదు, ఒక్క సమాచారం. ఇంట్లో వేధింపులు ఎదుర్కొంటున్న మహిళలకు 181. మనసు బాగాలేక ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే టెలీ మానస్ 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

5కె_స్టీరింగ్

నేను ఆర్టీసీలో డ్రైవరుగా రిటైర్ అయ్యాను. పంతొమ్మిదేళ్లు 5కె రూటు, సికింద్రాబాద్ నుంచి మెహదీపట్నం. మా అమ్మాయి ఈ యాక్ట్ గురించి చదువుతూ బస్సు పోలిక ఒకటి చెప్పింది. నువ్వు డ్రైవరువి, నీ ఆలోచనలు ప్రయాణికులు. వాళ్లు వెనక నుంచి 'అటు పోకు, గుద్దేస్తావు, నీకు చేతకాదు' అని అరుస్తుంటారు. నువ్వు బస్సు ఆపి వాళ్లతో పోట్లాటకు దిగితే బస్సు కదలదు. వాళ్లు చెప్పిన దారిన పోతే నీ రూటు పోతుంది. అరుపులతోనే నడపాలి.

పోలిక బాగుంది కానీ, చెప్పినవారు బస్సు నడిపినవారు కాదనిపించింది. మా సీటు ముందు పైన ఒక అద్దం ఉంటుంది, లోపలంతా కనిపిస్తుంది. కొత్త డ్రైవర్లు రెండు రకాలు. ఒకడు గొడవ కనబడకూడదని అద్దం పైకి తిప్పేస్తాడు. వాడు ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడిని కూడా చూడడు. ఇంకొకడు అద్దంలోనే కళ్లు పెట్టి నడుపుతాడు, ముందున్న ఆటోను గుద్దుతాడు. అద్దం వైపు ఒక్క చూపు చూసి మళ్లీ రోడ్డు మీదకు రావాలి. ఆ ఒక్క చూపు అలవడటానికి నాకు రెండేళ్లు పట్టింది. బాబూ పిల్లర్ లెక్కా, నాలుగు నెలలు తక్కువ సమయమే.

పిల్లర్_లెక్క

పెద్దాయనా, నేను రెండో రకం. అద్దంలోనే కళ్లు. గుండె ఎంత కొట్టుకుంటోందో వాచీలో చూసుకుంటూ నడుపుతాను.

కోఠి_కుట్టుమిషన్

నాది భయం కాదు, నొప్పి. మెడ నుంచి భుజం దాకా. పరీక్షలన్నీ అయ్యాయి, ఆపరేషన్ చేసేంతది ఏమీ లేదన్నారు. నొప్పి పోయాక షాపు తెరుద్దామని రెండేళ్లు ఎదురుచూశాను. మిషను మీద దుప్పటి కప్పేశాను. దాన్ని చూస్తే ఏడుపు వచ్చేది.

నొప్పి క్లినిక్కులో ఉన్న సైకాలజిస్టు అమ్మాయి అడిగింది: 'నొప్పి లేకపోతే రేపు పొద్దున ఏం చేస్తావు అక్కా?' మా చెల్లెలి కూతురికి ఓణీల వేడుకకు లంగా కుడతాను అన్నాను. 'నొప్పితో పాటు ఎంత కుట్టగలవు?' అంది. ఆ మాటకు నాకు కోపం వచ్చింది, ఇంటికి వచ్చేశాను. మర్నాడు దుప్పటి తీశాను. మొదటి రోజు ఒక్క బాబిన్‌కు దారం చుట్టి, ఒక్క అంచు కుట్టి లేచాను. అరగంటకు ఒకసారి లేవాలని గడియారం పెట్టుకుంటాను. నొప్పిని లెక్కచేయకుండా పళ్లు బిగించి కుట్టడం కాదు, మొదట్లో అలా చేసి మూడు రోజులు మంచం పట్టాను. ఇప్పుడు రోజుకు రెండు జాకెట్లు, పైపింగ్‌తో సహా. నొప్పి ఎంత అంటే అప్పటిలాగే ఆరో ఏడో చెబుతాను. షాపు తెరిచి మాత్రం ఎనిమిది నెలలైంది.

గోరింటాకు

అక్కా, లంగా పూర్తయిందా?

కోఠి_కుట్టుమిషన్

వేడుక ముందు రోజు రాత్రి పూర్తయింది. గంగా జమునా అంచు వేశాను. ఆ పిల్ల వేసుకుని గిర్రున తిరిగితే నేను మెడ పట్టుకుని మరీ నవ్వాను.

లెక్కల_మాస్టారు

అనుభవాలను తక్కువ చేయను. కానీ ప్రశ్న మార్పుకు కారణం ఏమిటని. ఫ్లెక్సిబిలిటీ పెరగడం వల్ల మనిషి బాగుపడ్డాడా, బాగుపడ్డాడు కనుక ఫ్లెక్సిబిలిటీ పెరిగినట్టు కనిపిస్తోందా? నేను స్టాటిస్టిక్స్ చెప్పి బతికినవాడిని, ఇది చూడకుండా ముందుకు పోలేను.

వీళ్లు దీన్ని కొలిచే ప్రశ్నావళిలో, 2011లో వచ్చిన రూపంలో, ఏడు ప్రశ్నలే ఉన్నాయి. ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. చదివి చూశాను. బాధాకరమైన జ్ఞాపకాలు జీవితానికి అడ్డొస్తున్నాయా వంటివి. దిగులులో ఉన్న మనిషి వేటికైనా ఎక్కువ మార్కులే వేస్తాడు. ఇది తప్పించుకునే గుణాన్ని కొలుస్తోందా, బాధనే కొలుస్తోందా అని పరిశోధకులే విమర్శించారు. 2015లో 39 ప్రయోగాలను, 1,821 మందిని కలిపి చూసిన సమీక్షలో యాక్ట్ మామూలు చికిత్సకంటే మెరుగని తేలింది. సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే మానసిక చికిత్స) వంటి పాత పద్ధతులతో పోలిస్తే మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా లేనప్పుడు ఫ్లెక్సిబిలిటీ అనే ప్రత్యేకమైన ఇంజను ఇందులో ఉందని ఎలా నమ్మాలి?

మనోవీధి

మాస్టారూ, ఈ చర్చలో నాకు నచ్చిన పోస్టు ఇది. మీరు చెప్పిన రెండూ నిజమే. ప్రశ్నావళి బలహీనత నిజం, సీబీటీతో సమానమనడమూ నిజం.

అందుకే ఒక్క పాత ప్రయోగం ముందుకు తెస్తాను. 2002లో బాక్, హేస్ చేసినది. లేని మాటలు వినిపించడం, ఎవరో కుట్ర చేస్తున్నారని అనిపించడం వంటి లక్షణాలతో ఆసుపత్రిలో చేరిన 80 మంది. సగం మందికి మామూలు చికిత్సతో పాటు నాలుగే నాలుగు యాక్ట్ సెషన్లు. తర్వాతి నాలుగు నెలల్లో వీళ్లు మళ్లీ ఆసుపత్రి పాలవడం రెండో గుంపుతో పోలిస్తే దాదాపు సగమే. ఇక మీ ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. యాక్ట్ గుంపులో 'మాటలు ఇంకా వినిపిస్తున్నాయి' అని ఒప్పుకున్నవారు ఎక్కువ! ఆ మాటలు ఎంత నిజమని నమ్ముతున్నారో విడిగా అడిగారు, ఆ నమ్మకమే తగ్గింది. లక్షణం తగ్గకుండా దాని పట్టు సడలింది. పిల్లర్ లెక్క గారి 8 పక్కన దీన్ని పెట్టి చూడండి.

సీబీటీ సంగతి. 2012లో ఆర్చ్, క్రాస్కే బృందం ఆందోళన ఉన్నవారికి సీబీటీనో యాక్ట్‌నో ఇచ్చి, సెషన్ సెషన్‌కూ కొలిచారు. ఆలోచన నుంచి విడివడటం, అంటే ఆలోచనను ఆలోచనగా చూడటం, రెండు గుంపుల్లోనూ మార్పుకు దారిగా కనిపించింది. నేను దీన్ని యాక్ట్ ఓటమి అనుకోను. సీబీటీ తలుపు వేరు కావచ్చు, లోపలి గది ఇదే కావచ్చు.

లెక్కల_మాస్టారు

80 మంది తక్కువే. అయినా లక్షణాన్ని, నమ్మకాన్ని విడదీసి కొలవడం మంచి పని. ఈ పాయింటు మీకే. నా మొదటి పోస్టులోని సున్నాను వెనక్కు తీసుకుంటున్నాను, నూరు మాత్రం వేయను.

తెలుగు_పంతులమ్మ

'ఆలోచన నుంచి విడివడటం' దగ్గర ఒక మాట. ఇంగ్లీషులో భయపడేవాడు 'నేను భయంగా ఉన్నాను' అన్న పద్ధతిలో చెబుతాడు, మనిషీ భయమూ ఒకటే. మన భాష ఏమంటుంది? నాకు భయం వేస్తోంది. ఏడుపు వస్తోంది. కోపం వచ్చింది. దిగులు పట్టుకుంది. అన్నీ వచ్చేవి, పట్టుకునేవి, వదిలేవి. మనిషి 'నాకు' దగ్గర వేరుగా నిలబడే ఉన్నాడు. హేస్ గారు తెలుగు నేర్చుకుని ఉంటే సగం పని అయిపోయేది.

చిక్కడపల్లి_గ్రూప్2

అమ్మా, మరి తెలుగువాళ్లం ఇంత కుమిలిపోతున్నాం ఎందుకు? నేను 'నాకు భయం వేస్తోంది' అనే అంటాను. ఆ వెంటనే 'నేను ఎందుకూ పనికిరాను' అనీ అంటాను. రెండోదానిలో నాకు లేదు, నేనే ఉంది.

తెలుగు_పంతులమ్మ

బాగా పట్టుకున్నావు నాయనా. 'నేను పిరికివాడిని', 'నా రాత ఇంతే'. భావాల దగ్గర భాష మనకు వెసులుబాటు ఇచ్చింది, తీర్పుల దగ్గర ఇవ్వలేదు.

మనోవీధి

వెసులుబాటు! ఫ్లెక్సిబిలిటీకి ఈ మాట ఎందుకు తట్టలేదు నాకు? స్థితిస్థాపకత అని రాస్తూ వచ్చాను.

లెక్కల_మాస్టారు

స్థితిస్థాపకత రబ్బరుకు. సాగి మళ్లీ పాత ఆకారానికే వస్తుంది. మనిషి పాత ఆకారానికి రావడం మనకు కావలసింది కాదు కదా.

5కె_స్టీరింగ్

మా భాషలో అయితే క్లచ్ అంటాను. ఇంజను ఎంత అరిచినా క్లచ్ తొక్కితే ఆ అరుపు చక్రానికి చేరదు. భయం ఇంజను లాంటిది, దాన్ని ఆపలేం. దానికీ కాలికీ మధ్య ఖాళీ కావాలి.

చిక్కడపల్లి_గ్రూప్2

క్లచ్ తొక్కిపెట్టి ఉంచితే బస్సు కదలదు కదా పెద్దాయనా? ధ్యానం పేరుతో నేను చేసింది అదే. గంట సేపు కళ్లు మూసుకుని కూర్చుంటాను, పుస్తకం తెరవను.

5కె_స్టీరింగ్

క్లచ్ గేరు మార్చడానికి బాబూ. కాలు పెట్టి కూర్చుంటే ప్లేట్లు అరిగిపోతాయి.

చిక్కడపల్లి_గ్రూప్2

సరే, నా సంగతీ చెబుతాను. లైబ్రరీలో మూడో ఏడు. మాక్ టెస్టు అంటే కడుపులో తిప్పుతుంది. రాయకుండా ఉండటానికి కొత్త టైంటేబుల్ వేస్తాను, రంగు పెన్నులు కొంటాను, నోట్సు మళ్లీ మొదటి నుంచి రాస్తాను. ఇవన్నీ చదువు లాగే కనిపిస్తాయి. మనోవీధి గారి కూలి మాట చదివాక అర్థమైంది, ఇవన్నీ నా కిందిదారి. 'ఫెయిల్' అన్న మాటను అరనిమిషం గబగబా అనమని ఎక్కడో చదివి ప్రయత్నించాను. ఇరవైసారి దాటాక అది వట్టి శబ్దమైపోయింది, బాతు అరుపులా. పక్కనున్నవాళ్లు చూశారు. ఆ రోజు టెస్టు రాశాను. మార్కులు తక్కువే.

మనోవీధి

మాటను పదే పదే పలికితే అర్థం జారిపోతుందని టిచెనర్ అనే సైకాలజిస్టు 1916లోనే రాశారు, ఆ పాత సంగతినే యాక్ట్‌వాళ్లు చికిత్సలోకి తెచ్చారు. ఒక్క హెచ్చరిక. భయం పోగొట్టుకునే మంత్రంగా దీన్ని వాడితే అదీ కిందిదారే అవుతుంది. మీరు టెస్టు రాశారు, నాకు అది ముఖ్యం.

గోరింటాకు

నాలుగు రోజులు ఈ చర్చ చదువుతూనే ఉన్నాను. సర్దుకుపోవడం వ్యతిరేక దిశ అన్న మాట దగ్గర ఆగిపోయాను.

నన్ను పదకొండేళ్లు కట్టిపడేసింది ఆయన మాటలు కావు. 'ఇల్లు చెడగొట్టింది' అని మా వాళ్లు అంటారేమో అన్న ఆలోచన. అది వచ్చినప్పుడల్లా గొంతులో ఉండ చుట్టుకునేది, వెంటనే వంటింట్లోకి వెళ్లి ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని. రెండేళ్ల క్రితం పుట్టింటికి వచ్చేసి బీఎడ్‌లో చేరాను. ఆ ఉండ ఇంకా వస్తుంది. దరఖాస్తు మీద సంతకం పెడుతున్నప్పుడు వచ్చింది, మొదటి రోజు బస్సులో వచ్చింది. దాన్ని పెట్టుకునే వెళ్లాను. దీనికి ఒక పేరుందని, అది సర్దుకుపోవడం కాదని ఇప్పుడే తెలిసింది. మనోవీధి గారూ, ఆ రోజు గట్టిగా మాట్లాడాను, కానీ అడిగినందుకు బాధ లేదు.

మనోవీధి

మీరు అడగకపోతే నేను ఇంకా 'అంగీకారం' అనే చెబుతూ ఉండేవాడిని.

కోఠి_కుట్టుమిషన్

సైకాలజిస్టు దగ్గరకు వెళ్లలేనివాళ్ల సంగతేమిటి? మా బస్తీలో చాలామందికి వారం వారం ఫీజు కట్టే స్తోమత లేదు.

మనోవీధి

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే ఆలోచించింది అక్కా. యాక్ట్ ఆధారంగా ఐదు ఆడియో పాఠాలు తయారుచేసి, సైకాలజిస్టులు కాని మామూలు మనుషుల చేత గుంపులుగా వినిపించారు. ఉగాండాలో తలదాచుకున్న దక్షిణ సూడాన్ మహిళలు దాదాపు ఏడు వందల మందితో 14 గ్రామాల్లో పరీక్షించారు, ఫలితాలు 2020లో వచ్చాయి. మూడు నెలల తర్వాత కూడా, పాఠాలు విన్నవారి మానసిక వేదన విననివారికంటే తక్కువగా ఉంది. ఇల్లు, ఊరు పోగొట్టుకున్నవాళ్లు వాళ్లు. బస్తీలో కుట్టుమిషను చుట్టూ పదిమంది కూర్చుని వినడం అసాధ్యమేమీ కాదు.

కోఠి_కుట్టుమిషన్

తెలుగులో ఎవరైనా చదివి వినిపిస్తే నా షాపులో ఆదివారం చోటిస్తాను.

తెలుగు_పంతులమ్మ

చదవడానికి నేను వస్తాను. నా గొంతు పదో తరగతి వెనక బెంచీదాకా వినిపిస్తుంది.

పిల్లర్_లెక్క

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. రెండో గడి గీశాను. మొదటి వారం భయం మాన్పించిన పనులు ఆరు. రాస్తుంటేనే సిగ్గేసింది. అమ్మ దగ్గరకు వెళ్లకపోవడం, ఆఫీసువాళ్లతో కారులో ఊరికి వెళ్లనని చెప్పడం, ఇలాంటివి. వాచీ తీసేసి డ్రాయర్‌లో పెట్టాను.

రెండో వారం తమ్ముడు నడిపాడు, నేను పక్కన కూర్చుని ఫ్లైఓవర్ దాటాను. మూడో వారం, అంటే నిన్న ఆదివారం, తెల్లవారుజామున ఐదున్నరకు నేనే నడిపాను, తమ్ముడు పక్కన. పైకి ఎక్కుతుండగానే వచ్చింది. అరచేతులకు చెమట, 'ఇప్పుడు ఆగిపోతావు' అన్న ఆ పాత గొంతు. పెద్దాయన అద్దం గుర్తొచ్చింది. ఒక చూపు చూశాను, అవును ఉన్నావు అనుకున్నాను, మళ్లీ రోడ్డు. కింద అత్తాపూర్ వైపు ఇళ్ల మీద నీళ్ల ట్యాంకులు నల్లగా వరసగా కనిపించాయి. ఏడాదిగా పిల్లర్లను కింద నుంచే చూస్తున్నాను, పైన ఏముందో మరిచిపోయాను. 11.6 కిలోమీటర్లు. ఆరాంఘర్‌లో దిగాక ఆపలేదు, నేరుగా శంషాబాద్.

అమ్మ ఇంకా ముగ్గు వేస్తోంది. ఇంత పొద్దున్నే ట్రాఫిక్ లేదా అంది. అప్పుడు అసలు సంగతి చెప్పేశాను. అదీ భయపడుతూనే.

లెక్కల_మాస్టారు

శభాష్. మార్కులు?

పిల్లర్_లెక్క

భయం 8. పైన ఉన్నంతసేపూ 8.

లెక్కల_మాస్టారు

రెండో గడి?

పిల్లర్_లెక్క

ఒకటి. తిరిగి వచ్చేటప్పుడు కిందిదారినే వచ్చాను. శుక్రవారం మళ్లీ వెళ్తున్నాను.